రేగుకట్టలో తెమడ కరువు

రేగుకట్ట గ్రామంలో ఇకమీదట క్షయవ్యాధి ఉండరాదని ఎమ్మెల్యే సంతోష్‌రావు గారు మార్చి నెలలో ఒక గురువారం పగలు పదకొండున్నరకు నల్ల అద్దాల తెల్ల బండి దిగి ఆదేశించిన్రు. పంచాయతీ ఆఫీసు ముందర టెంటు, టెంటు కింద రెండు వందల కుర్చీలు, ఒక్కో కుర్చీకి ఒక మజ్జిగ ప్యాకెట్. ఆదేశం వినడానికి ఊరంతా వచ్చింది. క్షయవ్యాధి తరఫున మాత్రం ఎవరూ లేచి అభ్యంతరం చెప్పలేదు.

"మిగితా కాడ రోగం వచ్చినంక మందులిస్తరు. మన దగ్గర రోగాన్నే రానియ్యం. దీన్ని విజన్ అంటరు," అన్నరు ఎమ్మెల్యే గారు. "నాలుగు నెలలల్ల రేగుకట్ట టి.బి. రహిత గ్రామం గావాలె. బాధ్యత మన లింగమూర్తిది."

లింగమూర్తి అందరికంటె ముందు చప్పట్లు కొట్టిండు. నాలుగు చప్పట్లు కొట్టేసరికి దగ్గు వచ్చింది. దాన్ని గొంతు సవరింపు కింద మార్చి, "సార్ నాయకత్వం వర్ధిల్లాలె" అని ముగించిండు. ఐదు వారాల నుంచి అతను దగ్గును ఇట్లనే నినాదాల్లో కలిపి అమ్ముతున్నడు.

మెట్‌పల్లి పోయే రోడ్డు మీద లింగమూర్తికి పసుపు అడ్తి దుకాణం ఉన్నది, రైతుల సరుకు కమీషన్ మీద అమ్మిపెడతడు. పసుపు కొమ్మును పంటి కింద పెట్టి కొరికితే చాలు, తేమ ఎంతున్నదో, ఏ నేలలో పండిందో, కల్లంలో ఎన్ని రోజులు ఎండిందో చెప్తడు. అసొంటి మనిషి తన ఛాతీ సంగతి వచ్చేసరికి బస్తా మూతి విప్పకుండానే "పసుపు దుమ్ము" అని చీటీ అతికించిండు. పొద్దుగూకితే ఒళ్లు వెచ్చబడుతున్నది. చొక్కా కాలర్‌లో ఒకప్పుడు రెండు వేళ్లు పట్టకపోయేవి, ఇప్పుడు నాలుగు పడుతున్నయి.

భార్య అనసూర్య రోజూ పొద్దున దవాఖానకు పొమ్మంటది. లింగమూర్తి రోజూ పొద్దున తూకం వేసుకుంటడు. టి.బి. లేదని సర్కారు ఇచ్చే షీల్డు గ్రామానికి వచ్చిన నాడు మార్కెట్ కమిటీ చైర్మన్ పదవి అతనిదే అని ఎమ్మెల్యే గారు మాట ఇచ్చి ఉన్నరు. పరీక్ష చేయించుకుంటే రోగం బయటపడుతది, చేయించుకోకపోతే పదవి చేతికొస్తది. వ్యాపారం తెలిసినవాడు ఇసొంటి కాడ తొందరపడడు.

జిల్లా ప్రోగ్రాం ఆఫీసర్ బుచ్చిరాములు మైకు తీసుకొని నిబంధనలు చదివిండు. వెయ్యి మంది జనాభాకు ముప్పై తెమడ పరీక్షలు చెయ్యాలె. రేగుకట్ట జనాభా నాలుగు వేల రెండు వందలు. కాబట్టి నూట ఇరవై ఆరు పరీక్షలు. అందులో నాలుగు కేసుల దాకా బయటపడ్డా ఫరవాలేదు, షీల్డు వస్తది.

"నాలుగెందుకు?" అన్నరు ఎమ్మెల్యే గారు.

"మాఫీ సార్."

"మనం మాఫీలు ఇచ్చేటోళ్లం, తీసుకునేటోళ్లం కాదు. సున్నా రాసుకో. ఇంకొకటి, దగ్గేటోళ్లను లిస్టుల పెట్టకుండ్రి."

బుచ్చిరాములు కళ్లద్దాలు తుడుచుకున్నడు. "సార్, దగ్గేటోళ్లకే పరీక్ష జెయ్యాలె. రూలు గదే."

"బుచ్చిరాములు గారూ, మంచి బడి ఏం జేస్తది? పాసయ్యే పిల్లగాండ్లనే పరీక్షకు పంపుతది. మీ పిల్లలు ఏ బడిల జదువుతున్నరు?"

బుచ్చిరాములు పిల్లలు సరిగ్గా అసొంటి బడిలోనే చదువుతున్నరు. ఆయన మైకు దించిండు.

*

ఆరోగ్యవంతుల ఎంపిక వారం రోజుల్లో పూర్తయ్యింది. ఊరి కబడ్డీ జట్టు, ఇద్దరు కానిస్టేబుళ్లు, భజన మండలి, ఉపాధి హామీ పనిలో అందరికంటె ఎక్కువ మట్టి తవ్విన ఆడవాళ్లు, మొత్తం నూట ఇరవై ఆరు మంది. అందరూ వరుసగా నిలబడి నీలి మూత డబ్బాల్లో ఉమ్మిన్రు. లింగమూర్తి ఆ డబ్బాలను పసుపు నమూనాల కంటె పదిలంగా తీసుకపోయి మండల దవాఖాన ల్యాబులో దించిండు.

ల్యాబ్ టెక్నీషియన్ మమతారాణి ఒక్కో మూత తీసి, చూసి, పక్కన పెట్టుకుంట పోయింది. అరగంటకు లేచి చేతులు కడుక్కున్నది.

"సేటు, అన్ని వాపసు తీస్కపో."

"ఏమైంది మేడం?"

"గిది ఉమ్మి. నాకు గావాల్సింది తెమడ. రొమ్ము లోపటికెళ్లి రావాలె, నోట్లకెళ్లి కాదు. గీ డబ్బా జూడు, ఎవరో గోళీసోడా తాగచ్చి ఉమ్మిండు. ఇంక బుడగలు లేస్తున్నయి."

"కబడ్డీ పిలగాండ్లు మేడం. వాండ్ల రొమ్ములల్ల ఏముంటది?"

"ఏముండది. అందుకే వాండ్లకు పరీక్ష అక్కెరలేదు."

"ఉన్నోళ్లకు మా సార్ వద్దంటున్నడు, లేనోళ్లకు మీరు వద్దంటున్నరు. మరి నూట ఇరవై ఆరు యాడికెళ్లి రావాలె?"

"అది మీ సార్‌ను అడుగు."

సార్‌ను అడిగి బాగుపడ్డవాళ్లను లింగమూర్తి చూడలేదు. కాబట్టి వ్యాపారి అడగవలసింది అడిగిండు. "పోనీ, ఎసొంటి సరుకు గావాలె? జర నమూనా చూపియ్యుండ్రి."

మమతారాణి పొద్దున వచ్చిన ఒక డబ్బా చూపించింది. లింగమూర్తి వెలుతురుకు పట్టి చూసిండు. చిక్కదనం ఉన్నది, తీగ సాగుతున్నది, రంగు ఆకుపచ్చకు పసుపుకు నడుమ. మొదటి రకం. ఇంతకంటె మంచి సరుకు అతను ఆ రోజు పొద్దున్నే తన ఇంటి వాష్ బేసిన్‌లో చూసిండు.

"దీంట్ల రోగం ఉన్నది లేంది ఎట్ల తెలుస్తది మేడం?"

"అద్దం మీద పూసి ఎర్ర రంగు పోసి కాగబెడ్తం. తర్వాత యాసిడ్‌తోటి కడుగుతం. మిగితా సూక్ష్మక్రిములు రంగు ఇడిచిపెడ్తయి. టి.బి. క్రిమి ఇడువది. సూక్ష్మదర్శినిల ఎర్రటి పుల్లల లెక్క కనబడ్తది."

"గంత పక్కా రంగా," అన్నడు లింగమూర్తి. రంగు నిలవని సరుకుతో ముప్పై ఏండ్లు వేగిన మనిషి గొంతులో నిజమైన గౌరవం వినబడ్డది.

"గని దానికి సుట్టాలున్నయి. నీళ్లల్ల, మట్టిల బతికేటియి. అవి గూడ రంగు ఇడువయి, చూపుకు అన్ని ఒక్క తీరే. అందుకే మిషన్‌ల పెడ్తం. మిషన్‌కు అసలుది దొరుకుతది, సుట్టాలు దొరకయి. ఇంకా అనుమానముంటే హైదరాబాద్ పెద్ద ల్యాబుల సీసాలేసి పెంచుతరు. ఆరు వారాలైనంక అది ఎవరో, ఎవరి సుట్టమో తేలుతది. రోగం వేరు, మందు వేరు."

లింగమూర్తి డబ్బాలు సర్దుకొని బయటికి వచ్చిండు. దగ్గాలె, కానీ రోగం ఉండొద్దు. ఇది ఎండిన పసుపులో తేమ అడిగినట్టు ఉన్నది. బస్టాండ్ దాకా నడిచేసరికి అతనికి మొండయ్య గుర్తుకొచ్చిండు.

*

మొండయ్య పన్నెండేండ్లు షార్జాలో బండలు కోసిండు. దుబాయి పోయినవాళ్లు కొందరు బంగారం తెచ్చుకుంటరు, కొందరు టీవీ తెచ్చుకుంటరు. మొండయ్య రాతి దుమ్ము తెచ్చుకున్నడు, అంతా ఛాతీలోనే. అతని దగ్గు రేగుకట్టకు సైరన్ లెక్క పనికొచ్చేది. ఇప్పటికి ఆరు సార్లు మిషన్ పరీక్ష చేయించుకున్నడు. ఆరు సార్లూ టి.బి. లేదని వచ్చింది. ఆ ఆరు కాగితాలు పాస్‌పోర్టుతో పాటు కవర్‌లో దాచుకున్నడు. మరి ఏమున్నదని అతను అడిగినప్పుడల్లా టి.బి. లేదనే చెప్పిన్రు.

లింగమూర్తి పోయేసరికి మొండయ్య గోడకు ఒరిగి కూచున్నడు. పక్కన అతని భార్య లింగవ్వ చాటలో తునికాకు పెట్టుకొని బీడీలు చుడుతున్నది.

"మొండన్నా, నీ దగ్గు నాకు గావాలె."

"తీస్కపో సేటు. మొత్తం తీస్కపో."

లింగవ్వ చేయి ఆపలేదు. "గిన్నేండ్ల సంది ఆయన దగ్గుతుంటె అటుదిక్కు సూడనోడు, ఇయ్యాల ఇంటికొచ్చి అడుగుతున్నడంటె దాంట్ల ఏదో మతలబున్నది."

"ఊరు కోసం, అక్కా."

"ఊరు ఎన్నడన్న మా కోసం దగ్గిందా సేటు?"

లింగమూర్తి బేరంలోకి దిగిండు. మొండయ్యకు ఆగిపోయిన పింఛను మళ్లా వచ్చేటట్టు చూస్తనన్నడు. పూటపూటకు తిండి ఊరే పంపిస్తదన్నడు. లింగవ్వ రెండు బీడీలు చుట్టేంత సేపు ఆలోచించి, "పెరుగుల నీళ్లు కలపద్దు," అన్నది.

తొమ్మిది రోజులు, రోజుకు పద్నాలుగు డబ్బాలు. తెమడ బాగా ఊరడానికి ఏం పెట్టాల్నో ఊరి పెద్దలు కూర్చొని తీర్మానించిన్రు. గడ్డపెరుగు, అరటిపండ్లు, బెల్లం పాకం, మధ్యాహ్నం పుల్ల ఐస్. రేగుకట్టలో ఏ గర్భిణికీ ఇంత శ్రద్ధగా తిండి పెట్టలేదు. తెల్లారంగానే వచ్చే మొదటి డబ్బా నిగనిగలాడేది. దాన్ని లింగమూర్తి చైర్మన్, వైస్ చైర్మన్ స్థాయి పేర్లకు కేటాయించేటోడు. మధ్యాహ్నం సరుకు కబడ్డీ జట్టుకు, సాయంత్రానిది భజన మండలికి. దారిలో పోయే కబడ్డీ పిలగాండ్లు మొండయ్యకు దండం పెట్టి పోయేవాళ్లు. వాళ్లకు తన ఛాతీలో నుంచి తీసి ఇచ్చింది కన్నతల్లి తర్వాత అతనొక్కడే.

ఆరో రోజు ఎండ ముదిరి దగ్గు తగ్గింది. మొండయ్య ఏండ్ల తర్వాత రెండు గంటలు హాయిగా నిద్రపోయిండు. ఊరంతా పరేషాన్ అయ్యింది. ఎమ్మెల్యే గారు ఫోన్ చేసిన్రు.

"ఏంది లింగమూర్తీ, ప్రొడక్షన్ పడిపోయిందట?"

"మనిషికి జర నయమైంది సార్."

"గిప్పుడే నయం గావాల్నా? మొన్నటిదాంక ఏం జేసిండు? పంచాయతీ కూలర్ తీస్కపోయి తలకాడ పెట్టు."

కూలర్ పెట్టిన్రు. సాయంత్రానికి ఉత్పత్తి యథాస్థితికి వచ్చింది.

నూట ఇరవై ఆరు పేర్లలో మొండయ్య పేరు లేదు. దగ్గేవాళ్లను రాయొద్దన్న నియమాన్ని అందరూ తు.చ. తప్పకుండా పాటించిన్రు.

లిస్టులో మొదటి పేరు లింగమూర్తిది, కాబట్టి తొలి రోజు మొదటి డబ్బా కూడా అతనిదే. విలేకరుల ముందర, పరదా వెనుకకు పోయి నింపుకొని రావాలె. పరదా వెనుక బల్ల మీద రెండు డబ్బాలున్నయి, మొండయ్య నింపింది ఒకటి, ఖాళీది ఒకటి. సరిగ్గా అప్పుడే లింగమూర్తికి లోపటి నుంచి దగ్గు తన్నుకొచ్చింది. ఖాళీ డబ్బా చేతిలోకి తీసుకున్నడు కూడా. మూత తీస్తే చాలు, మూడు రోజుల్లో సంగతి తెలిసిపోతది. పరదా అవతల ఎమ్మెల్యే గారి గొంతు, "కాబోయే చైర్మన్ గారు ఇప్పుడే వస్తున్నరు," అంటున్నది. లింగమూర్తి దగ్గును మింగిండు. మింగిన దగ్గు కత్తిపీట లెక్క దిగింది. నిండు డబ్బా పట్టుకొని బయటికి వచ్చి నవ్విండు. ఫొటో బాగా వచ్చింది.

*

నూట ఇరవై ఆరుకు నూట ఇరవై ఆరు, మిషన్ లేదనే చెప్పింది.

"సేటు," అన్నది మమతారాణి, "మొన్న ఉమ్మి తప్ప ఏం లేని కబడ్డీ పిలగాండ్లకు గింత తెమడ యాడికెళ్లి వచ్చింది?"

"కసరత్తు చేసిన్రు మేడం."

ఆమె నియమం ప్రకారం ఇరవై నమూనాలు తీసి హైదరాబాద్ పెద్ద ల్యాబుకు పంపింది. ఆ ఇరవైలో లింగమూర్తిది ఉన్నది.

షీల్డు వచ్చింది. ఊరి రెండు దిక్కులా, ఊరి జనానికి రోజూ కనబడేటట్టు ఊరి దిక్కే మొహం పెట్టి, హోర్డింగులు లేచినయి. ఎమ్మెల్యే గారి ఫొటో నిలువెత్తు, దాని పక్కన అంతే ఎత్తున సున్నా. కింద, "టి.బి. రహిత గ్రామం రేగుకట్టకు స్వాగతం" అని ఉన్నది. చైర్మన్ పేరు మంత్రి గారు వచ్చిన నాడు ప్రకటిస్తమన్నరు. వనరులు పంచుకోవాలె అన్న ఎమ్మెల్యే గారి సూచన మీద మొండయ్యను ఆటోలో పక్కూరు ఊటపల్లెకు తొమ్మిది రోజులు పంపిన్రు. ఊటపల్లెకూ షీల్డు వచ్చింది. ఇచ్చోడ దిక్కు నుంచి కూడా ఎవరో ఫోన్ చేసి, మనిషి దొరుకుతడా అని అడిగిన్రు.

షీల్డు వచ్చిన ఊర్లో దగ్గడం మర్యాద కాదు. దగ్గు వచ్చినవాళ్లు ఊరవతల చెలకల దిక్కు నడిచేవాళ్లు. లింగమూర్తి గోదాములో పసుపు బస్తాల నడుమ కూచొని దగ్గేటోడు. ఒక పొద్దున తువ్వాల మీద ఎర్రటి చుక్క కనబడ్డది. దాన్ని అతను మడత లోపటికి తిప్పిండు గానీ బట్టలు ఉతికేది అనసూర్య.

"గిదేంది?"

"వక్కపొడి."

"నువ్వు వక్క తిని ఇరవై ఏండ్లైంది," అన్నది అనసూర్య. "ఒక్క మాట చెప్పు. చైర్మన్ కుర్చిల ఏం బెడ్తవు? నిన్నా, నీ చొక్కనా? గిట్లనే అయితె చొక్కనే మిగులుతది."

*

ఆరు వారాలకు హైదరాబాద్ నుంచి రిపోర్టు వచ్చింది. బుచ్చిరాములు దాన్ని రెండు చేతులతో పట్టుకొని ఎమ్మెల్యే గారి ఇంటికి వచ్చేసరికి లింగమూర్తి అక్కడే ఉన్నడు.

"సార్, ఇరవైకి ఇరవై సీసాలల్ల పెరిగింది."

"ఏం పెరిగింది?"

"ఎర్ర పుల్లలే సార్. గని టి.బి. కాదు. దాని సుట్టం. నీళ్లల్ల, మట్టిల ఉండేది. ఎప్పుడో ఒకసారి, రొమ్ము మొదలే పాడైనోళ్లకు అంటుతది. ఒక మనిషికెళ్లి ఇంకో మనిషికి పాకది. అసొంటిది ఒకే ఊర్ల ఇరవై మందికి, అదీ కబడ్డీ ఆడేటోళ్లకు. ఎక్కడా జరగలే సార్ గిట్ల."

ఎమ్మెల్యే గారు శాస్త్రీయంగా ఆలోచించి ఒక్కటే ప్రశ్న వేసిన్రు. "సుట్టాలు లెక్కల వస్తరా?"

"రారు సార్. టి.బి. లెక్కల రారు."

"షీల్డు?"

"ఉంటది సార్."

సాయంత్రం ప్రెస్ మీట్‌లో ఎమ్మెల్యే గారు, "మనం టి.బి.ని పొలిమేర దాటనియ్యకపోయేసరికి అది తన సుట్టాన్ని రాయబారం పంపింది," అని ప్రకటించిన్రు. మరునాటి పేపర్లలో అదే హెడ్డింగ్.

అది చదివి ఢిల్లీ డాక్టర్లు బయలుదేరిన్రు. ఇరవై మంది నుంచి తమ కళ్ల ముందర మళ్లా తెమడ తీసుకుంటమన్నరు. పరదాలు వద్దన్నరు. ఎమ్మెల్యే గారు ఇరవై మందినీ పిలిచి ధైర్యం చెప్పిన్రు. "ఫికర్ జెయ్యకుండ్రి. మీకు తెమడ లేదు గదా, రాదు. రానిదాన్ని ఢిల్లీవాడు గూడ గుంజలేడు. సుట్టం వచ్చినట్టే పోయిందని చెప్తం."

ఇది పంతొమ్మిది మంది విషయంలో అక్షరాలా నిజం. ఇరవయ్యో మనిషి తువ్వాల నోటికి అడ్డం పెట్టుకొని తల ఊపిండు.

ఢిల్లీ డాక్టర్లు వచ్చిన రోజు పొద్దున ఇంట్లో నుంచి బయలుదేరేటప్పుడు అనసూర్య గడప కాడ నిలబడ్డది. "ఇయ్యాల నీది నువ్వు ఇయ్యి. మళ్లా ఎవనిదో తీస్కపోయి పెట్టినవనుకో, వాని ఇంటికే పో."

ఊరి బడిలో డాక్టర్లు ఒక్కొక్కరికీ ఉప్పునీళ్ల ఆవిరి పట్టించిన్రు. పంతొమ్మిది మంది పంతొమ్మిది డబ్బాల్లో ఉమ్మిన్రు. డాక్టర్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నరు. ఇరవయ్యో డబ్బా లింగమూర్తి చేతికి వచ్చింది. కిటికీ అవతల ఎమ్మెల్యే గారు నిలబడి చూస్తున్నరు. వద్దన్నట్టు తల అటూ ఇటూ ఊపుతున్నరు.

లింగమూర్తి ఆఖరి తూకం వేసుకున్నడు. చైర్మన్ పదవి ఉండేది రెండేండ్లు. ఈ ఛాతీ రెండేండ్లు ఉంటదో లేదో తెలియదు. పురుగు పడ్డ సరుకును గోదాములో ఎంత దాస్తే అంత నష్టం, పక్క బస్తాలకు కూడా పడుతది. పక్క బస్తా అంటే అనసూర్య. అతను ఆవిరి గొట్టం పక్కకు నెట్టి, ఇన్నాళ్ల నుంచి మింగిందంతా డబ్బాలో దించిండు.

ఢిల్లీ డాక్టరమ్మ డబ్బాను వెలుతురుకు పట్టి, "వెరీ గుడ్ శాంపిల్," అన్నది. అడ్తి వ్యాపారంలో ముప్పై ఏండ్లు మంది సరుకును మెచ్చుకున్న లింగమూర్తికి సొంత సరుకుకు దొరికిన మొదటి మెచ్చుకోలు అది.

*

"టి.బి.నే సేటు," అన్నది మమతారాణి మరునాడు. "అసలుదే, సుట్టం కాదు. మామూలు మందులకు లొంగేదే. ఆరు నెలలు తప్పకుండ మింగితె తక్కువైతది. అనసూర్యమ్మను గూడ తీస్కరా, చూస్త."

లింగమూర్తి బెంచీ మీద కూచున్నడు. పిడుగు పడుతదనుకున్న కాడ వాన చినుకు పడ్డట్టున్నది. ఆరు నెలలు. పసుపు పంటే తొమ్మిది నెలలు.

"మరి ఆ ఇరవై సీసాలు ఎవరియి?" అని అడిగింది ఆమె.

లింగమూర్తి గోడ మీది క్యాలెండర్ దిక్కు చూసిండు. "ఒక్కనియే. మొండయ్యయి."

"తీస్కరా ఆయనను. ఆరు సార్లు టి.బి. లేదని పంపినం గని, మరేమున్నదని సూడలే. ఇప్పుడు తెలిసింది. ఆయన మందు వేరే." ఆమె కంప్యూటర్ ముందర కూచున్నది. "ముందుగాల నిన్ను ఎక్కియ్యాలె. ఊరు పేరు?"

"రేగుకట్ట."

ఆమె రేగుకట్ట అని కొట్టిన అరగంటకు ఎమ్మెల్యే గారి నుంచి పిలుపు వచ్చింది.

"నాలుగు దాంక మాఫీ ఉన్నది గద సార్," అన్నడు లింగమూర్తి చేతులు కట్టుకొని. "నేనొక్కన్నే."

"మాఫీ రూల్ బుక్కుల ఉన్నది. హోర్డింగ్ మీద సున్నా ఉన్నది. జనం ఏది సదువుతరు?" ఎమ్మెల్యే గారి గొంతులో కోపం లేదు, బాధ ఉన్నది. "వచ్చే నెల మంత్రి గారు వస్తున్నరు. నేను బాగా ఆలోచించిన. టి.బి. రహిత గ్రామంల టి.బి. ఉన్న మనిషి ఉండడు. నీకు టి.బి. ఉన్నది. అంటే నువ్వు రేగుకట్టల లేవు."

"నా ఇల్లు పంచాయతీ ఆఫీసుకు ఎదురుంగనే ఉన్నది సార్."

"ఇల్లు ఉన్నది లింగమూర్తీ. కాదన్ననా? నువ్వు లేవు."

పంచాయతీ ఏకగ్రీవంగా తీర్మానించింది. లింగమూర్తి అనే వ్యక్తి గ్రామ నివాసి కాడని రాసిన కాగితం మీద సాక్షి సంతకానికి మనిషి తక్కువైతే, పక్కనే ఉన్నడని లింగమూర్తితోనే పెట్టించిన్రు. చైర్మన్ పదవికి స్థానికుడే ఉండాలె గనుక అది కబడ్డీ కెప్టెన్ నాగరాజుకు పోయింది. మొండయ్య సంగతి తీస్తే ఎమ్మెల్యే గారు, "లిస్టుల లేని మనిషికి రోగం ఎక్కడిది?" అన్నరు.

ఊరు పేరు లేకుండా కంప్యూటర్ మందులు ఇవ్వనన్నది. ఊటపల్లె పేరు రాద్దామంటే, "మాకు గూడ షీల్డున్నది," అని ఆ ఊరి సర్పంచ్ లింగంపల్లి రాజేశ్వర్‌రావు మమతారాణికి ఫోన్‌లో చెప్పిండు. చెప్తూ చెప్తూ మధ్యలో రెండు సార్లు దగ్గిండు.

మమతారాణి రెండు రోజులు సెలవు పెట్టి రెండు ఊర్ల నడుమ రోడ్డు మీద నడిచింది. రేగుకట్ట హోర్డింగ్ వెనుక నుంచి ఊటపల్లె హోర్డింగ్ వెనుక దాకా ఎనభై అడుగులు. నడుమ ఒక కల్వర్టు. రెండు షీల్డుల్లో ఏ షీల్డు కిందికీ రాని జాగ ఆ చుట్టుపక్కల అదొక్కటే. కంప్యూటర్‌లో ఊరు పేరు అన్న కాడ ఆమె కల్వర్టు అని కొట్టింది. కంప్యూటర్ ఒప్పుకున్నది.

సోమవారం పొద్దున ఏడున్నరకు లింగమూర్తి తన మందుల కోసం నడుచుకుంట పోయిండు. తానొక్కడే ఉంటడనుకున్నడు. కల్వర్టు గోడ వెంట చెప్పులు వరుస కట్టి ఉన్నయి, యూరియా కోసం సొసైటీ ముందర పెట్టినట్టు. హవాయి చెప్పులు, ప్లాస్టిక్ బూట్లు, ఒక జత పోలీసు బూట్లు. చెప్పుల మనుషులు అవతల తుమ్మ నీడలో కూచొని హాయిగా, ఎవరికీ దాచకుండా దగ్గుతున్నరు. మొండయ్య చెప్పుల పక్కన లింగవ్వ కాపలా కూచున్నది. ఊటపల్లె సర్పంచ్ రాజేశ్వర్‌రావు మొన్నటి సన్మానం శాలువాను మూతికి చుట్టుకొని, జరిగి జాగ ఇచ్చిండు.

"రా సేటు. నీ చెప్పులు ఈడ ఇడువు. నీది పదకొండు," అన్నది లింగవ్వ.

ఎనిమిది గంటలకు మమతారాణి స్కూటీ మీద వచ్చి గోడ మీద మందుల డబ్బా, తెమడ పట్టే నీలి మూత డబ్బాలు, రిజిస్టర్ పెట్టుకున్నది. మూడో పేరు పిలుస్తుండగా నల్ల అద్దాల తెల్ల బండి వచ్చి రోడ్డు దిగి ఆగింది. డ్రైవర్ ఒక జత తెల్లటి తోలు చెప్పులు చేతుల్లో పట్టుకొని దిగిండు. వచ్చి వరుసలో అన్నింటికంటె ముందు పెట్టబోయిండు.

"ఎనుకకు," అన్నది లింగవ్వ.

డ్రైవర్ ఆమె మొహం చూసి, తీసుకపోయి చివర పెట్టిండు. బండిలో అద్దాలు దించలేదు. లోపటి నుంచి దగ్గు వినబడ్డది, చాలా సేపటి దగ్గు. తుమ్మ నీడలో అందరూ అలవాటు కొద్దీ లేచి నిలబడ్డరు, మళ్లా కూచున్నరు.

మమతారాణి తల ఎత్తకుండా రిజిస్టర్‌లో కొత్త గీత గీసింది.

"ఊరు పేరు?"

డ్రైవర్ ఇటుదిక్కు హోర్డింగ్ చూసిండు, అటుదిక్కు హోర్డింగ్ చూసిండు. రెండింటి వెనుక భాగమే కనబడుతున్నది, కర్రలు, రేకు.

"అందరిది ఏం రాసిన్రో అదే రాయుండ్రి మేడం," అన్నడు.